కుక్కకి అండీ, స్నేహితుడికి రా

మా కుక్క వెనక కాళ్ళ మీద నిలబడితే నాకంటే జానెడు ఎత్తు. ఇదే మాట మా కొట్లో చెప్పినప్పుడు మూరెడు అన్నాను. కాగితం మీద కాస్త తగ్గించడం మర్యాద.

నాది పురుగుమందుల కొట్టు. మిరపకి తామర పురుగు పట్టిందనో పత్తికి గులాబీ పురుగు పట్టిందనో రైతులు వస్తారు. మందు సంచీలో పడ్డాక కూడా బల్ల మీంచి లేవరు. వాళ్ళని లేవనివ్వనిది నా నోరు. మా కుక్క గేటు పట్టుకుని రెండు కాళ్ళ మీద నిలబడి ఉంటే కొరియర్ తెచ్చినతను కాగితం చాపి ‘సార్, ఇక్కడ సంతకం’ అన్నాడని ఒక పొద్దున చెప్పాను. సాయంత్రానికి ఆ కథ పక్క ఊరు వెళ్ళి తిరిగొచ్చింది. వచ్చేసరికి కుక్క సంతకం పెట్టేసింది, అదీ ఇంగ్లీషులో. అది పెట్టించింది నేను కాదు. నేను విత్తనాలిచ్చేవాణ్ణి, మొలిపించుకునేది వాళ్ళు.

ఆ బల్ల మీద గోడ వైపు చోటు నా స్నేహితుడిది. ఐదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం, అక్కణ్ణుంచి ఇప్పటిదాకా ఏరా అంటే ఏరా. ఊరి బయట మిరప వేస్తాడు. నేను ఏ కోత కోసినా జనం ముందు వాడి వైపు చూస్తారు. వాడు తమలపాకు నములుతూ ‘ఔను, నేనక్కడే ఉన్నా’ అంటాడు. నేను చంద్రుడి మీద పత్తి వేశానని చెప్పినా వాడు అక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ళుగా నా అబద్ధాలన్నిటికీ సాక్షి వాడొక్కడే.

కుక్క సంగతికి వస్తాను. అది గ్రేట్ డేన్ జాతి. చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్ నడిపే ఒకాయన ఇంట్లో తల్లి కుక్క ఈనితే, మూడు నెలల పిల్లని తెచ్చుకున్నాను. అప్పుడది సొరకాయంత ఉండేది. కోడి కార్జం ముక్క చేతిలో పెట్టుకుని, తొడ మీద చరిచి ‘రా…’ అని సాగదీసి పిలిచేవాణ్ణి. చెవులు గాలికి ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చి ముందు కాళ్ళు రెండూ నా మోకాళ్ళ మీద పెట్టేది. నేనూ మా ఆవిడా మురిసిపోయి ఇంకో ముక్క ఇచ్చేవాళ్ళం. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చేసి చూపించాను. సొరకాయంత కుక్క మోకాలి మీద కాళ్ళు పెడితే అందరూ ముద్దు చేశారు. ఏడాది తిరిగేసరికి ఆ కాళ్ళు మోకాలి నుంచి బొడ్డుకి, బొడ్డు నుంచి భుజానికి ఎక్కాయి. అది నేర్చుకున్నది మారలేదు, సైజు మారిందంతే.

అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరొచ్చినా ఒకటే కేక. ‘దిగరా! వద్దురా! ఆగరా!’ కేక పెట్టేకొద్దీ అది మరీ మీద పడేది. మోకాలితో ఛాతీ మీద పొడవమన్నారు. పొడిస్తే ఆటనుకుంది. గొలుసు బిగించి లాగమన్నారు. లాగితే అది నన్ను లాగింది, వీధి చివర చర్చి దాకా. ఆ రోజు ఆదివారం కావడంతో దేవుడి పిలుపు అని సర్దుకున్నాను.

క్రిస్మస్ వారంలో ఆ ముచ్చట తీరిపోయింది. మా ఎదురింట్లో టీచరు గారు ఉంటారు. మమ్మల్నిద్దర్నీ ఐదో తరగతిలో గోడకుర్చీ వేయించి ఎక్కాలు నేర్పింది ఆవిడే. రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు. బియ్యప్పిండితో చేసిన గులాబీ పువ్వులు ప్లేటులో పెట్టుకుని, పైన చేతిరుమాలు కప్పి, మా గేటు తీసుకుని వచ్చారు.

“ఏరా, ఇంట్లోనే ఉన్నావా రా?” అన్నారు.

కుక్క వరండాలోంచి రెండే అంగల్లో వెళ్ళి ఆవిడ భుజాల మీద చేతులేసింది. నేను “ఆగరా! ఒరేయ్, ఆగరా!” అని అరుస్తూనే ఉన్నాను. ఆవిడ వెనక్కి పడ్డారు. చెయ్యి కింద పెట్టారు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది, దీంట్లో కోత లేదు. కుక్క మాత్రం ఆవిడ పక్కన కూర్చుని మొహం నాకింది. తర్వాత గులాబీ పువ్వులు తింది.

వీధి వీధంతా గేటు ముందు చేరింది. కుక్కని ఊరు దాటించమన్నారు. చర్చి అయ్యగారు కూడా, పాపం మెత్తటి మనిషి, ‘మూగజీవే గాని ఇది మరీ పెద్ద జీవి’ అన్నారు. అందరినీ ఆపింది టీచరు గారే. చేతికి తెల్ల కట్టుతో, ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం, మంచం మీద కూర్చుని నాకు పరీక్ష పెట్టారు.

“కట్టు విప్పాక ఇంటి ముందు కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకుంటాను. వీధంతా వస్తుంది. నీ కుక్కని గొలుసు లేకుండా నీ గేటు దగ్గర కూర్చోబెట్టు. కూడిక అయ్యేదాకా అది లేవకుండా ఉంటే నీ ఇంట్లోనే ఉంటుంది. లేచిందా, ఊళ్ళో ఉండదు. అర్థమైందా రా?”

“అర్థమైందండి.”

“మూడో ఎక్కం అప్పజెప్పమన్నప్పుడు కూడా ఇలాగే అన్నావు.”

మర్నాడే పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చిన్న వయసావిడ. ‘ఇక్కడ చూస్తే లాభం లేదండి, అది ఎక్కే చోటే చూడాలి’ అని ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చారు. మా ఆవిడ చీరాల వెళ్ళింది, వాళ్ళ అక్క దగ్గరికి. నా స్నేహితుడు మాత్రం ఉన్నాడు. డాక్టరమ్మ వరండాలో మూల కుర్చీలో కూర్చుని, నోటు పుస్తకం తీసి, “మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి” అన్నారు.

రోజూలాగే ఉన్నాం. కుక్క వాడి మీదకి ఎక్కింది. వాడు ‘ఒరేయ్, నీ కుక్కని పట్టుకోరా’ అన్నాడు. నేను ‘దిగరా, చెబితే వినవేంరా’ అన్నాను. అది వాణ్ణి వదిలి నా మీదకి ఎక్కింది. వాడు పగలబడి ‘అయిపోయావురా ఇవాళ’ అన్నాడు. అది మళ్ళీ వాడి మీదకి వెళ్ళింది. డాక్టరమ్మ పుస్తకంలో గీతలు గీస్తూనే ఉన్నారు. చివరికి పెన్ను మూశారు.

“దీన్ని పిలవడానికి ఏమంటారండి?”

“రా అంటానండి.”

“పది నిమిషాల్లో మీరిద్దరూ కలిసి దీన్ని పదిహేడు సార్లు పిలిచారు.”

మేము మొహాలు చూసుకున్నాం.

“దిగు అని చెప్పి రా అంటున్నారు. వద్దు అని చెప్పి రా అంటున్నారు. ముందు మాట దానికి తెలీదు. చివర్లో ఉన్నది తెలుసు, కార్జం పెట్టి మరీ నేర్పారు కదా. అది చెప్పినట్టే వింటోందండి. దీనంత బుద్ధిమంతులు ఈ ఇంట్లో ఇంకెవరూ కనబడటం లేదు.”

నేను పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గుపడింది లేదు. ఆ కుక్క ఏడాదిగా తిట్లు తింటూ, మోకాలి పోట్లు తింటూ, పిలిచినప్పుడల్లా వస్తూనే ఉంది.

డాక్టరమ్మ వైద్యం చెప్పారు. మొదటిది, కుక్కతో మాట్లాడేటప్పుడు నోట రా ఉండకూడదు. రెండోది, అది మీదకి ఎక్కితే అరవకూడదు, తొయ్యకూడదు, దాని కళ్ళలోకి చూడకూడదు. వెనక్కి తిరిగి కరెంటు స్తంభంలా నిలబడాలి. నాలుగు కాళ్ళూ నేల మీద ఆనిన క్షణంలో కార్జం ముక్క నోట్లో పెట్టాలి. “బలం చూపిద్దామనుకోకండి. బలం దానికే ఎక్కువని ఇంకా దానికి తెలీదు, తెలియనివ్వకండి.” ఇక చివరిది, అన్నిటికంటే కష్టమైనది. దాన్ని కూర్చోబెట్టి, దాని ముందే మనుషులు రా రా అని మాట్లాడుకుంటూ ఉండాలి. అది లేవకపోతే ముక్క. అలా ఆ మాటకి ఉన్న రుచి దానికి పోవాలి. పిలవడానికి వేరే ఏదైనా, ఈల లాంటిది, పెట్టుకోవాలి.

రా లేకుండా మాట్లాడటానికి నాకు తోచిన దారి ఒక్కటే. కుక్కని మీరు అనడం మొదలుపెట్టాను.

“కూర్చోండి. కాళ్ళు కింద పెట్టండి. ఉండండి. ఆఁ, చాలా బాగుందండి.”

మా ఆవిడ చీరాల నుంచి వచ్చి ఇది విని, తలుపు దగ్గరే సంచీ పట్టుకుని నిలబడిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో తనని ఒక్కసారి కూడా కూర్చోండి అనలేదని ఆ రాత్రి అన్నం పెట్టలేదు. కూరగాయల బండి అమ్మాయి వారం పాటు గోడ అవతల నుంచి విని విని, ఉండబట్టలేక మా ఆవిడని అడిగింది. “ఏమ్మా, మీ నాన్నగారు వచ్చి ఉంటున్నారా? అయ్యో, పెద్దాయన మంచం ఎక్కకూడదని అంతలా చెప్పాలా అండి!”

నా స్నేహితుడు రోజూ సాయంత్రం వచ్చేవాడు. కుక్క ముందు రా అనడానికి ఇంకో మనిషి కావాలి కదా, ఆ మనిషి వాడే. కుక్క గేటు దగ్గర కూర్చునేది. మేమిద్దరం ఎదురుగా నిలబడి, చిన్నప్పటి తిట్లన్నీ తవ్వుకుని తిట్టుకునేవాళ్ళం. ‘దొంగ వెధవా, నా పలక పగలగొట్టింది నువ్వేరా.’ ‘నువ్వు నా బలపాలు తిన్నావురా.’ మొదటి వారం అది ప్రతి మాటకీ లేచింది. రెండో వారం లేవబోయి ఆగింది. నాలుగో వారానికి చెవి కదిలించి ఊరుకునేది. వాడు నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. నేనలా అనుకున్నాను.

వాడే ఒక లోపం కూడా కనిపెట్టాడు. మామూలుగా రా అంటే లేవడం లేదు గాని, సాగదీసి, తొడ మీద చరిస్తే మాత్రం కుక్క ఆగలేకపోతోంది. చిన్నప్పుడు నేను పిలిచిన పిలుపు అది.

“ఇది చూశావా రా? పెద్దవాళ్ళని పలకరించినా లేస్తుంది. చూడు.” వాడు తొడ చరుచుకుని, “బాగున్నారాఆ?” అన్నాడు.

కుక్క ఎగిరి వాడి భుజాల మీద ఉంది. మేము కడుపు పట్టుకుని నవ్వాం. వచ్చారా, తిన్నారా, బాగున్నారా. మనం ఎవరినైనా మర్యాదగా ఏదడిగినా చివర్లో అదే ఉంటుందన్న సంగతి నా బుర్రకి అప్పటిదాకా తట్టలేదు. నేను అండి అండి అని దాక్కున్న ఇంటికి వెనక తలుపు తీసే ఉందన్నమాట.

“దాన్ని కూడా మాన్పించాలిరా,” అన్నాను.

“రోజులేవి? అయినా కూడికలో బాగున్నారా అనేదెవరు? అందరూ వందనాలే కదా,” అన్నాడు.

నిజమే. మా వాళ్ళు కూడికకి వస్తే ‘వందనాలండి’ అని చేతులు జోడిస్తారు. నేను ధైర్యంగా ఉన్నాను.

ఆ మధ్యలోనే వాడు నన్ను కుక్కని అడిగాడు. కాయ కోత మొదలైంది, కల్లం మీద ఆరబోస్తున్నాడు. పక్క కల్లాల్లో టిక్కీలు, అంటే కుట్టి పెట్టిన మిరప బస్తాలు, మాయమవుతున్నాయి. “ఇంత కుక్క కల్లం మీద కూర్చుంటే పిట్ట కూడా వాలదు. నాకియ్యరా.”

“మనిషి కాళ్ళ దగ్గర పడుకునే కుక్కరా అది. మిరప ఘాటుకి తుమ్మి తుమ్మి చస్తుంది.”

ఇంకో వారానికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దన్నాను. “సరేలే,” అన్నాడు. తర్వాత ఎత్తలేదు. మర్యాదస్తుడు, అర్థం చేసుకున్నాడు అనుకున్నాను.

ఫిబ్రవరిలో టీచరు గారి కట్టు విప్పారు. నాలుగింటికి వీధిలో షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పక్క పలావు గిన్నె. నా కుక్క నా గేటు ముందు గొలుసు లేకుండా కూర్చుంది. పొద్దున్నే పత్తి చేల గట్ల మీద చాలాసేపు నడిపించి తెచ్చాను, ఒంట్లో దూకుడు తగ్గాలని. జనం ‘వందనాలు, వందనాలు’ అంటూ దాని పక్కగా జరిగి జరిగి వెళ్ళారు. అది తోక కొసతో నేలని ఊడుస్తూ కూర్చుంది. పలావు వాసనకి నోట్లోంచి దారంలా చొంగ జారింది. లేవలేదు. పాటలు పాడారు. లేవలేదు. టీచరు గారు సాక్ష్యం చెప్పడానికి లేచి, చెయ్యి నయం చేసిన దేవుణ్ణి స్తుతించి, నా వైపు తిరిగారు.

“ఏరా, కూర్చోబెట్టావురా! మూడో ఎక్కం రానివాడివి, దీనికి ఎలా నేర్పావురా?”

మూడు సార్లు. కుక్క కుడి చెవి ఒక్కసారి అదిరింది. అంతే. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు మసకబారాయి.

మిగిలింది ముగింపు ప్రార్థన. అయ్యగారు ముందు నిలబడ్డారు, ఆయన వెనక కుర్చీలో టీచరు గారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూయలేదు, నా చూపు కుక్క మీద ఉంది. అందుకే, ప్రార్థన సగంలో నా స్నేహితుడు ట్రాక్టరు వీధి మొదట్లో ఆపి, లోపలికి నడిచి రావడం నేనొక్కణ్ణే చూశాను. వచ్చి టీచరు గారి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆలస్యమైందని సైగ చేశాడు. నేను నవ్వి తలూపాను.

అయ్యగారు ‘ఆమెన్’ అన్నారు. తలలు ఇంకా లేవలేదు. వాడి కుడి చెయ్యి తొడ మీద పడింది.

“టీచరు గారూ, బాగున్నారాఆ?”

కుక్క వీధి దాటడం నాకు కనబడలేదు. అయ్యగారు పక్కనున్న ఖాళీ కుర్చీతో సహా వెల్లకిలా పడటం కనబడింది. టీచరు గారికి గోరంత కూడా తగల్లేదు. కాని కుర్చీలోంచి లేచిపోయి, నయమైన చేతిని రెండో చేత్తో గుండెకి అదుముకుని, గోడకి ఆనుకుని, కేక కూడా రాకుండా నోరు తెరిచి ఉండిపోయారు. ఐదో తరగతి మొత్తాన్ని కంటి చూపుతో కూర్చోబెట్టిన మనిషి. ఆ మొహం చూశాక నేను ఒక్క ముక్క కూడా వాదించలేకపోయాను.

“ఎక్కడికో పంపడం ఎందుకులెండి,” అన్నాడు నా స్నేహితుడు, అందరూ వినేట్టు. “నా కల్లం మీద ఉంచుకుంటా. వీడు ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి చూసుకుంటాడు.”

అందరూ వాణ్ణి మెచ్చుకున్నారు. స్నేహితుడంటే అలా ఉండాలన్నారు. కుక్కని ట్రాక్టరు వెనక ట్రక్కు ఎక్కించింది నేనే, అది నేను ఎక్కితే తప్ప ఎక్కలేదు. ట్రక్కులో కొత్త గొలుసు ఉంది. చూశాను. ఆలోచించలేదు.

రెండు రోజులు పోయాక ఆలోచన వచ్చింది. మా ఆవిడతో అన్నాను, వాడు కావాలనే అన్నాడని.

“బాగున్నారా అంటే తప్పా? చెయ్యి విరిగి లేచిన మనిషిని ఇంకేమని పలకరిస్తారు?”

“తొడ చరిచాడు.”

“దోమ వాలుంటుంది.”

డాక్టరమ్మని అడిగాను. “లేచిందంటే పిలుపు వినబడిందండి. పిలిచినవాళ్ళ మనసులో ఏముందో నేనెలా చెప్పను?” అన్నారు. న్యాయమే.

ఆగలేక కొట్లో బల్ల మీద చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, ఒక్క జానెడు కూడా పెంచకుండా చెప్పాను. నా జన్మలో ఏ కథకీ అంత నవ్వలేదు జనం. ఒకతను పంపు స్ప్రేయరు మీద వాలిపోయి నవ్వాడు. “బాగున్నారా అంటే కుక్క ఎక్కిందంట! ఇది కొరియర్ కథని మించిందండి! ఎక్కడివండీ మీకు ఇవన్నీ?”

“నిజం చెబుతున్నాను.”

“మరి మీ సాక్షి ఏడి?”

“వాడే ముద్దాయి.”

మళ్ళీ నవ్వు. ఆ నవ్వు మధ్యలో నాకే అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ అల్లి అల్లి, చివరికి నలభై ఏళ్ళ స్నేహితుడి మీద కూడా అల్లుతున్నానా అని. రెండు వారాలు నన్ను నేను తిట్టుకుంటూనే గడిపాను. మూడో ఆదివారం చర్చి నుంచి అటే, కార్జం పొట్లం పట్టుకుని, చెప్పకుండా కల్లానికి వెళ్ళాను.

కల్లమంతా ఎర్రగా పరుచుకుని ఉంది. గట్టు దగ్గర ఆడవాళ్ళు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు, రంగు పోయి తెల్లబడిన కాయల్ని వేరు చేస్తున్నారన్నమాట. కుక్క రేకుల నీడలో గొలుసుతో ఉంది. ముక్కు మీద కాలేసుకుని పడుకుంది. నన్ను చూసి లేచి, ఒకసారి తుమ్మి, కూర్చుంది. చెప్పకుండానే కూర్చుంది. పక్కన మోకాళ్ళ మీద కూలబడి కార్జం పెడుతుంటే, వెనక ఆడవాళ్ళ మాటలు చెవిన పడ్డాయి.

“అమ్మా, ఆ బుట్ట ఇటు జరపండి.”

“ఇదిగోనండి.”

ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు. మా చర్చికే వస్తారు, వీధి కొళాయి దగ్గర వాళ్ళ కేకలు నాకు బాగా తెలుసు. నవ్వొచ్చింది.

“ఏంటమ్మా, అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కొత్తగా అండీలు?”

“మా ఆసామి చెప్పాడుగా బాబుగోరూ,” అంది పెద్దామె. “కల్లంలోకి పెద్ద కుక్కొస్తది, ఏరా గీరా అని నోరు జారకండి, మీదెక్కుద్దీ అని. మగోళ్ళు నలుగురికీ గట్టిగా చెప్పాడు. మాకూ అదే అలవాటైపోయింది.”

“ఎప్పుడు చెప్పాడు? కుక్క వచ్చిన రోజా?”

“కాదండీ. మొదటి కోత కాయ కల్లానికి చేరినప్పుడే. టీచరమ్మ చేతికి ఇంకా కట్టు ఉంది. ఇదిగో ఈ రేకులు కూడా అప్పుడేసినవే.”

కార్జం పొట్లం నా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. కుక్క కాగితంతో సహా తినేసింది.

రోజూ సాయంత్రం నా గేటు ముందు నిలబడి, నా కుక్కకి రా మాన్పించడంలో సాయం చేసిన రోజులవి. అప్పటికే రేకులు వేశాడు. బాగున్నారా అని నవ్వించినప్పటికే మనుషులకి చెప్పి ఉంచాడు. ఇప్పుడు అనుమానం లేదు. అనుమానం ఉన్నప్పుడే బాగుంది.

వాడు మోటారు షెడ్డు లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “చెప్పకుండా వచ్చావేంటి?” అన్నాడు. ఆ వాక్యం చివర రా లేదు. నాకు రావలసిన రా కూడా కుక్క కోసం మింగేశాడు.

నేను లేచి, ఊపిరంతా కూడదీసుకుని, “ఎందుకురా ఇలా చేశావురాఆ?” అని సాగదీసి అరిచాను.

గొలుసు గలగలమంది. కుక్క ముందు కాళ్ళు రెండూ నా భుజాల మీద ఉన్నాయి, మూతి నా మొహం మీద ఉంది. ఇన్నాళ్ళకి నేను పిలిచానని దాని సంతోషం. దాని తల పక్క నుంచి వాడి మొహం చూడబోతే కనబడలేదు. మా ప్రాంతంలో రా లేకుండా మనిషిని తిట్టే తిట్టు ఒక్కటి కూడా లేదు. వెతికాను. స్తంభంలా నిలబడి, అది దిగేదాకా ఆగి, చివరికి ఉన్న ఒక్క దారిలో వెళ్ళాను.

“మీరు చేసింది మీకు బాగుందా అండి?”

వాడు చెంప మీద కొట్టినట్టు ఆగిపోయాడు.

“నన్ను మీరు అంటావా?”

“కల్లం పద్ధతి కదండి.”

వాడు కాయల వైపు చూస్తూ మాట్లాడాడు. “రెండుసార్లు అడిగా. ఇచ్చావా? ఈ కాయ పోతే నా ఏడాది పోయినట్టే. టీచరమ్మకి తగిలిందా? ముందు అయ్యగారు ఉన్నాడని చూసుకునే అన్నాను. కుక్కకి తిండి తక్కువైందా? చూడు, ఒళ్ళు చేసింది.”

“కొట్లో నేను చెబితే నవ్వారు. మీరొచ్చి ఔను, నేనక్కడే ఉన్నా అని ఒక్క మాట చెప్పండి.”

వాడు గొలుసు గుంజ నుంచి ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

“నీ కుక్కేగా. తీసుకెళ్ళు.”

తీసుకున్నాను. రోడ్డు వైపు నడిచాం, నేనూ కుక్కా. గొలుసు లాగలేదు అది, నా మోకాలి పక్కన నా అడుగుకి అడుగు వేసింది. ఆరు వారాలు చచ్చీ చెడీ నేర్పిన నడక. గట్టు దాటాక నా కాళ్ళు ఆగాయి. ఎక్కడికి? వీధిలో గోడకి ఆనుకున్న ఆ మొహం ఉంది. కొట్లో గోడల నిండా విషం డబ్బాలు. నేను ఎటూ తీసుకెళ్ళలేనని వాడికి తెలుసు, తెలిసే ఇచ్చాడు. కుక్కకి మాత్రం తెలియదు. ఎండలో కళ్ళు చికిలించి, ఇంకా ఎటు వెళ్దామన్నట్టు నా మొహంలోకి చూస్తోంది.

వెనక్కి తీసుకొచ్చాను. రేకుల కింద గొలుసు నేనే కట్టాను.

“కూర్చోండి,” అన్నాను. కూర్చుంది.

“ఉండండి.”

నేను గట్టు ఎక్కి వచ్చేస్తుంటే కాయలు ఏరే చేతుల చప్పుడు ఆగిపోవడం తెలిసింది. వెనక నుంచి వాడు గట్టిగా అరిచాడు.

“ఒరేయ్, ఆగరా!”

తిరిగి చూశాను. కల్లంలో ఆడవాళ్ళందరూ భయంగా కుక్క వైపు చూస్తున్నారు. అది లేవలేదు. రేకుల నీడలో, నాలుగు కాళ్ళూ నేల మీద ఆనించి, నేను చెప్పినట్టే నా వైపు చూస్తూ కూర్చుంది. ఆ పిలుపుకి నేను కూడా ఆగలేదు.